అంటువ్యాధి కాలంలో నొప్పులతో వచ్చిన తల్లిని లేబర్ రూంలో ఎలా చూసుకోవాలి? తోడుగా వచ్చినవారిని లోపలికి రానివ్వవచ్చా?

ప్రశ్న: లేబర్‌రూం సిస్టర్

అందరికీ నమస్కారం. నేను ముప్ఫై పడకల సామాజిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. కరోనా వంటి అంటువ్యాధి మళ్లీ వస్తే మా లేబర్ రూం ఎలా నడవాలో ముందుగానే రాసి ఇవ్వమని మా సూపరింటెండెంట్ గారు ఆ పనిని నాకు అప్పగించారు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ 2021 మే నెలలోని ఒక రాత్రి గుర్తుకు వచ్చి కలం ఆగిపోతోంది.

ఆ రాత్రి రెండో కాన్పు కోసం ఒకామె దగ్గుతో, కొద్దిపాటి జ్వరంతో వచ్చింది. చూసేసరికి గర్భాశయ ముఖద్వారం ఏడు సెంటీమీటర్లు తెరుచుకుని ఉంది. మా దగ్గర పరీక్ష కిట్లు అయిపోయాయి, రిపోర్టు లేనిదే లోపలికి తీసుకోవద్దని పైనుంచి ఆదేశం ఉంది. చేసేది లేక 108లో జిల్లా ఆసుపత్రికి పంపించాము. బయలుదేరిన పావుగంటకే వాహనంలోనే కాన్పు అయింది. తల్లీబిడ్డ క్షేమంగా ఉన్నారని మర్నాడు తెలిసింది, అంతవరకు దేవుడి దయ. కానీ స్ట్రెచర్ మీద పడుకుని నా చెయ్యి పట్టుకుని, "సిస్టర్, మీరు కూడా రారా?" అని ఆమె అడిగిన మాటకు నా దగ్గర అప్పుడు సమాధానం లేదు. ఈసారి ఆ సమాధానం కాగితం మీద ఉండాలని నా కోరిక.

మా గదిలో రెండు టేబుళ్లు, ఒకే తలుపు, తూర్పు వైపు రెండు కిటికీలు ఉన్నాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కానీ తిరగదు. రాత్రి షిఫ్టులో నేను, ఒక ఆయమ్మ ఉంటాము. డాక్టరు గారు ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వస్తారు. జ్వరం, దగ్గు ఉన్న తల్లి నొప్పులతో వస్తే ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పంపాలి? ఆమె అమ్మనో అత్తగారినో లోపల ఉండనివ్వవచ్చా? పీపీఈ కిట్టు వేసుకునే లోపే బిడ్డ బయటికి వచ్చే పరిస్థితి ఉంటే ఏమి చేయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత ప్రసూతి వైద్యురాలు

సిస్టర్, మీ కాగితంలో మొదటి వాక్యం ఇలా రాయండి: "పరీక్ష ఫలితం కోసం ఏ ప్రసవమూ ఆగదు." ఇది నా సొంత అభిప్రాయం కాదు. 2020 మే 18న భారత వైద్య పరిశోధన మండలి ఇచ్చిన పరీక్షల మార్గదర్శకాల్లోనే, పరీక్ష జరగలేదన్న కారణంతో ప్రసవాలతో సహా ఏ అత్యవసర చికిత్సనూ ఆలస్యం చేయరాదని, అవసరమైతే నమూనాను పక్కన పంపుకోవచ్చని స్పష్టంగా ఉంది. లక్షణాలు లేని గర్భిణులకు ప్రసవ సమయంలో పరీక్షే అవసరం లేదని 2022 జనవరిలో మళ్లీ చెప్పారు. ఇంత స్పష్టంగా ఉన్న మాట రాత్రి పదకొండు గంటలకు గేటు దగ్గర నిలబడిన మనిషి వరకు చేరకపోవడమే అసలు సమస్య. 2020 ఏప్రిల్‌లో గద్వాల జిల్లాకు చెందిన ఒక గర్భిణి ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిరగవలసి వచ్చి ప్రాణాలు కోల్పోయిన విషయం మీకు తెలిసే ఉంటుంది. తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లిన విషయం అది. కాబట్టి ఆ వాక్యాన్ని సూపరింటెండెంట్ గారి సంతకంతో గేటు దగ్గర అంటించండి.

ఎవరిని పంపాలన్నది రిపోర్టును బట్టి కాక రెండు విషయాలను బట్టి నిర్ణయించాలి. ఒకటి, కాన్పు ఎంతవరకు వచ్చింది. రెండు, ఆమె ఊపిరి ఎలా ఉంది. నిండు చూలాలికి గర్భసంచి పైకి నెట్టడం వల్ల ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండే గాలి సుమారు ఐదో వంతు తగ్గుతుంది, శరీరానికి కావలసిన ఆక్సిజన్ మాత్రం దాదాపు అంతే మేర పెరుగుతుంది. అందుకే మామూలు మనిషి తట్టుకునే న్యుమోనియాను ఆమె తట్టుకోలేదు. 2009 నాటి స్వైన్ ఫ్లూలోనూ ఇదే చూశాము. కరోనా రెండో విడతలో జబ్బు సోకిన గర్భిణులు, బాలింతల మరణాల శాతం మొదటి విడతలోని 0.7 నుంచి 5.7కు పెరిగిందని వైద్య పరిశోధన మండలి అప్పట్లో తెలిపింది. గర్భిణికి వేలికి పెట్టి చూసే ఆక్సిజన్ శాతం 95కు తగ్గకూడదు. మామూలు రోగికి కాస్త తగ్గినా కొంత ఆగి చూస్తాము, ఈమె విషయంలో ఆగకూడదు. నొప్పి వస్తున్నప్పుడు అంకె చూసి కంగారు పడకుండా, నొప్పికీ నొప్పికీ మధ్య నిమిషం పాటు చూడండి, శ్వాసను కూడా పూర్తిగా నిమిషం పాటు లెక్కపెట్టండి. గంటకోసారి పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో రాసే పట్టిక) మీదే ఆ రెండు అంకెలూ వేయండి.

తొలి దశలోనే ఉండి, ఆక్సిజన్ తగ్గుతూ ఉంటే, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, అవతలి ఆసుపత్రి డ్యూటీ డాక్టరుతో మాట్లాడి, పడక ఉందని తెలుసుకుని, ఒక సిస్టరును తోడిచ్చి పంపండి. ఆ రాత్రి మీ దగ్గరికి వచ్చిన తల్లిలా ఏడు సెంటీమీటర్లు తెరుచుకుని, అందులోనూ రెండో కాన్పు అయితే, అక్కడే కాన్పు చేసి, అవసరమైతే తర్వాత పంపాలి. కదులుతున్న వాహనంలో రక్తస్రావం మొదలైతే ఆపేవారు ఎవరు? జబ్బు సోకిందన్న ఒక్క కారణంతో సిజేరియన్ చేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మొదటి నుంచీ చెబుతూనే ఉంది. తల్లికో బిడ్డకో వేరే అవసరం ఉంటేనే చేయాలి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. మహమ్మారి రోజుల్లో వచ్చిన జ్వరమంతా మహమ్మారి జ్వరం కాదు. ఉమ్మనీరు పోయి పద్దెనిమిది గంటలైన తల్లికి జ్వరం వస్తే గర్భసంచిలో ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు. మన ప్రాంతాల్లో మలేరియా, డెంగీ ఉండనే ఉన్నాయి. తలనొప్పితో వచ్చిన తల్లికి ముక్కులో స్వాబ్ పెట్టే హడావుడిలో బీపీ చూడడం మరిచిపోయి, గుర్రపువాతం వచ్చేదాకా గుర్తించని సందర్భం నేను నా కళ్లతో చూశాను. 140/90 దాటితే దాటినట్టే, ఏ మహమ్మారీ ఆ అంకెను మార్చదు.

పీపీఈ విషయానికి వస్తే, తొందరలో ఉన్నప్పుడు పూర్తి సూటు కోసం వెతకవద్దు. సరిగ్గా బిగిసిన ఎన్95 మాస్కు, ముఖానికి షీల్డు, పొడవు చేతుల గౌను, గ్లవ్స్ ఉంటే కాన్పు చేయవచ్చు. వీటిని ఒకే సంచిలో కట్టి తలుపు పక్కన మేకుకు తగిలించండి. నెలకొకసారి గడియారం పెట్టుకుని వేసుకుని చూడండి, ఎన్ని నిమిషాలు పడుతుందో మీకే తెలుస్తుంది. అంతకంటే ముఖ్యం, లోపలికి వెళ్లాక మందు కోసం బయటికి రాలేరు. కాబట్టి రక్తస్రావానికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు, మిసోప్రోస్టాల్, ట్రానెక్సామిక్ యాసిడ్, గుర్రపువాతానికి మెగ్నీషియం సల్ఫేట్, సెలైన్, బిడ్డకు ఊపిరి అందించే అంబు బ్యాగు ముందే ట్రేలో లోపల ఉండాలి. ఆయమ్మను బయట తలుపు దగ్గర ఉంచి, ఫోన్ స్పీకరులో పెట్టుకోండి.

ముందు ఆ ఎగ్జాస్ట్ ఫ్యాన్ బాగు చేయించండి. కిటికీలు తెరిచి ఉంచాలి, కానీ పుట్టిన బిడ్డకు చల్లగాలి తగలకూడదు, ఈ రెండింటి మధ్య చిక్కు ఉంది. వార్మరును కిటికీ నుంచి దూరంగా, గది లోపలి మూలకు జరపండి. బిడ్డ బయటికి వచ్చే ముందు సీలింగ్ ఫ్యాన్ మాత్రం ఆపి, తుడిచి, తల్లి రొమ్ముల మధ్య పడుకోబెట్టి కప్పండి. బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగడం మామూలు రోజుల్లాగే పాటించవచ్చు.

జవాబు 2: ఆగస్టులో పుట్టిన బాబు తల్లి

నేను వైద్యురాలిని కాను, ఇక్కడ రాయవచ్చో లేదో తెలియదు. కానీ సిస్టర్ గారు తోడు గురించి అడిగారు కాబట్టి టేబుల్ మీద పడుకున్న మనిషి మాట కూడా వినాలని రాస్తున్నాను.

2020 ఆగస్టులో నాకు పాజిటివ్ వచ్చిన రెండో రోజునే నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. మా అమ్మను గేటు దగ్గరే ఆపేశారు. లోపల నన్ను చూడడానికి వచ్చిన వాళ్లందరూ ఒకే రకం తెల్ల సూట్లలో, కళ్లు కూడా సరిగ్గా కనిపించని అద్దాల వెనుక ఉండేవారు. పొద్దున చూసిన వారే సాయంత్రం వచ్చారో, వేరే వారు వచ్చారో తెలిసేది కాదు. వారు చెప్పేది మాస్కులో నుంచి గొణుగుడులా వినిపించేది. "ముక్కు" అన్నారో "ముక్కవద్దు" అన్నారో అర్థం కాక నేను ఊపిరి బిగబట్టి ఏడ్చాను. పదకొండు గంటలు అలా గడిచాయి. నొప్పి కంటే, ఇప్పుడు నాకేమైనా అయితే మా వాళ్లకు ఎవరు చెబుతారన్న భయమే ఎక్కువగా ఉండేది.

రాత్రి డ్యూటీకి వచ్చిన ఒక సిస్టర్ మాత్రం సూటు మీద గుండెల దగ్గర నీలం స్కెచ్ పెన్నుతో తన పేరు పెద్ద అక్షరాలతో రాసుకుని వచ్చింది. నా తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, ముఖం నా ముఖానికి ఎదురుగా పెట్టి, ఒక్కొక్క మాటను ఆపి ఆపి చెప్పింది. నొప్పి వచ్చినప్పుడు తలను పైకి కిందికి ఊపితే ముక్కమని, చెయ్యి అడ్డంగా ఊపితే ఆగమని గుర్తు పెట్టుకున్నాము. రెండు జతల గ్లవ్స్ లోపల నుంచి కూడా ఆమె చెయ్యి వెచ్చగా తెలిసింది. బాబు పుట్టింది ఆమె చేతుల్లోనే.

తర్వాత బాబును వేరే గదికి తీసుకువెళ్లారు. మూడు రోజులు ఫోనులో చూశాను. ముర్రుపాలు పిండి పారబోయమన్నారు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలు ఇవ్వవచ్చని, తల్లీబిడ్డను విడదీయనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికే చెప్పిందని నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. ఆ మూడు రోజులు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. సిస్టర్, మీ కాగితంలో ఈ ఒక్కటి తప్పకుండా రాయండి. బిడ్డను తీసుకువెళ్లవలసి వస్తే ఎందుకు, ఎక్కడికి, ఎంతసేపటికి అన్నది తల్లికి చెప్పి తీసుకువెళ్లాలి.

జవాబు 3: మిడ్‌వైఫ్, ఇంగ్లండ్

నేను గుంటూరులో నర్సింగ్ చదివి ఇప్పుడు ఇంగ్లండ్‌లో మిడ్‌వైఫ్‌గా పనిచేస్తున్నాను. పై తల్లి రాసినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

తోడు విషయంలో ఇక్కడ కూడా తప్పులు జరిగాయి. 2020లో చాలా ఆసుపత్రులు కాన్పు నొప్పులు బాగా ముదిరిన తర్వాతే భర్తను లోపలికి రానిచ్చేవి, స్కానింగులకు, నొప్పులు తెప్పించే మందు పెట్టే దశకు ఒంటరిగా రావలసి వచ్చేది. తల్లులు, మిడ్‌వైఫులు గట్టిగా అడిగిన తర్వాత, 2020 డిసెంబరులో ప్రసూతి సేవల్లో ప్రతి దశలోనూ తోడును అనుమతించాలని ఇక్కడి జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) మార్గదర్శకం ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే జబ్బు నిర్ధారణ అయిన తల్లికి కూడా తాను కోరుకున్న తోడు ఉండాలనే చెప్పింది. మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సమయంలో తోడును అనుమతించాలన్న ఆదేశం 2016 నుంచే ఉంది, మహమ్మారి వచ్చిందని అది రద్దు కాలేదు.

ఆచరణలో మేము పాటించినవి చెబుతాను. తోడుగా వచ్చేది ఒక్కరే, మొదటి నుంచి చివరి వరకు ఆ ఒక్కరే. అమ్మ కాసేపు, అత్తగారు కాసేపు అని మారడం కుదరదు. లోపలికి వచ్చేముందు జ్వరం, దగ్గు అడిగి చూడాలి. మెడికల్ మాస్కు ఇచ్చి, ముక్కు మీద బిగించడం చూపించాలి. తర్వాత ఆమె వరండాలో తిరగకూడదు, పక్క టేబుల్ వైపు వెళ్లకూడదు. కాబట్టి తిండి, నీళ్లు, ఫోన్ ఛార్జరు వెంట తెచ్చుకోవాలని ముందే చెప్పాలి, వాడుకోవలసిన బాత్రూం కూడా చూపించాలి. మీ గదిలో రెండు టేబుళ్లకు మధ్య తెర ఉందో లేదో మీరు రాయలేదు. తెర లేకపోతే పక్క తల్లి మర్యాద పేరుతోనే తోడును బయట నిలబెడతారు, కాబట్టి ముందు తెర కట్టించండి. గది నిండా మనుషులు లేనప్పుడు ఒక తోడు వల్ల పనికి అడ్డం రాదు, సాయం అవుతుంది. నీళ్లు తాగిస్తుంది, నడుము రాస్తుంది, తల్లి ముఖం రంగు మారితే మనకంటే ముందే చెబుతుంది.

ముక్కే సమయంలో తల్లికి మాస్కు ఉంచుకోమని పట్టుపట్టవద్దు, ఆ శ్వాసతో ఎవరూ ఉంచుకోలేరు. ఆ సమయంలో రక్షణ మనం పెట్టుకున్న మాస్కుదీ, తెరిచిన కిటికీదీ.

టీకా సంగతి కూడా ఒక మాట. 2021 వేసవి చివరికి ఇంగ్లండ్‌లో ఎక్మో యంత్రం (ఊపిరితిత్తులకు బదులు రక్తానికి ఆక్సిజన్ అందించేది) మీద ఉన్న అత్యంత విషమ కోవిడ్ రోగుల్లో దాదాపు ఐదో వంతు టీకా వేసుకోని గర్భిణులే. మన దేశంలో గర్భిణులకు టీకా అనుమతి వచ్చింది 2021 జులై 2న, అంటే రెండో విడత చాలా ప్రాణాలు తీసుకుపోయిన తర్వాత. ఈసారి టీకా వస్తే గర్భిణుల సంగతి మొదటి రోజే అడగవలసినవారు మనలాంటి వారే.

జవాబు 4: ఏజెన్సీ ఏఎన్ఎం

అక్కా, అందరూ లేబర్ రూం లోపలి సంగతి చెప్పారు. మా ఊళ్లలో అసలు కష్టం అక్కడి వరకు చేరడమే. 2020 లాక్‌డౌన్‌లో కొన్ని ఊళ్లవాళ్లు బయటివారు రాకూడదని పొలిమేరలో ముళ్లకంపలు, చెట్ల మొద్దులు అడ్డం వేశారు. జబ్బు రాకుండా వేసిన కంప అంబులెన్సును కూడా ఆపేసింది. ఒక రాత్రి నేను, ఆశా కార్యకర్త, ఆమె భర్త కలిసి టార్చిలైటు వెలుగులో ఆ కంప లాగి దారి చేశాము, నా అరచేతులు మూడు రోజులు మంట పెట్టాయి.

అప్పటి నుంచి నేను ఒక పని చేస్తున్నాను. రాబోయే నాలుగు వారాల్లో కాన్పు తేదీ ఉన్నవారి పేర్లు ఒక పేజీలో రాసుకుని, ఒక్కొక్కరికి ఎదురుగా బండి ఎవరిది, ఏ దారి, ఇంట్లో పిల్లలను ఎవరు చూస్తారు, తోడు ఎవరు వస్తారు అని రాస్తాను. ఆంక్షలు వస్తే ఆ పేజీ సర్పంచికి, పోలీసు స్టేషనుకు ముందే ఇవ్వవచ్చు. మీ ఆసుపత్రికి వచ్చే పీహెచ్‌సీల నుంచి ఆ జాబితా మీకు కూడా వారం వారం వస్తే, ఎవరు ఎప్పుడు వస్తారో మీకు ముందే తెలుస్తుంది. రక్తం తక్కువ ఉన్నవారిని, ముందు కాన్పు ఆపరేషన్ అయినవారిని నొప్పులు రాకముందే పెద్దాసుపత్రి దగ్గరికి చేర్చవచ్చు. లాక్‌డౌన్‌లో నెలవారీ పరీక్షలు ఆగిపోయి, హిమోగ్లోబిన్ ఏడే ఉందని కాన్పు రోజు తెలిసిన తల్లులు మాకు ఉన్నారు.

ప్రశ్న అడిగినవారు: లేబర్‌రూం సిస్టర్

మేడమ్ గారికి, ఇంగ్లండ్ సిస్టరుకు, చెల్లికి కృతజ్ఞతలు. బాబు తల్లి గారూ, మీరు రాసినది మా ఆయమ్మకు చదివి వినిపించాను. స్కెచ్ పెన్ను కొని ఆ సంచిలో వేద్దామని ఆమే అన్నది.

ఈరోజు మేమిద్దరం గడియారం పెట్టుకుని గౌను, మాస్కు, షీల్డు వేసుకుని చూశాము. మొదటిసారి ఆరు నిమిషాలు పట్టింది, మూడోసారికి మూడు నిమిషాలకు వచ్చింది. ఎలక్ట్రీషియన్ రేపు వస్తానన్నాడు. తెర లేదు, రెండు దుప్పట్లు, ఒక తాడుతో ప్రస్తుతానికి కట్టాము. వార్మరు లోపలి మూలకు జరిపాము, ప్లగ్గు అందక ఎక్స్‌టెన్షన్ బాక్సు కావాలని ఇండెంటు పెట్టాను.

ఒక సందేహం మిగిలింది. తోడుగా వచ్చిన అమ్మకే జ్వరం ఉంటే? ఇంట్లో ఇంకెవరూ లేరంటే?

జవాబు: విశ్రాంత ప్రసూతి వైద్యురాలు

సిస్టర్, జ్వరం ఉన్నవారిని లోపలికి తీసుకోకూడదు. ముందు ఆమెకు చికిత్స చూడండి. చెల్లెలు, తోడికోడలు, భర్త, పక్కింటి ఆవిడ, ఎవరైనా ఆరోగ్యంగా ఉన్నవారిని పిలిపించమనండి. భర్తను రానివ్వడానికి మనవాళ్లు వెనకాడతారు, తెర కట్టాక ఆ అభ్యంతరం కూడా ఉండదు. నిజంగా ఎవరూ లేకపోతే, ఆ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. ఆమె కూడా రాలేకపోతే ఆ షిఫ్టులో ఒక మనిషిని ఆ తల్లికి తోడుగా డ్యూటీ వేసి, రిజిస్టరులో "తోడు" అన్న గడిలో ఆ పేరు రాయండి. ఆ గడి ఖాళీగా ఉండకూడదు.